చల్లటి పెళ్ళిదండలు

తునిలో తెలివంతా తమ ఇంట్లోనే కాపురముందని ముగ్గురన్నదమ్ముల నమ్మకం. పెద్దవాడు సింహాచలం, నడిపివాడు అప్పలకొండ, చిన్నవాడు సన్యాసిరావు. వాళ్ళకో లారీ ఉంది, లారీ కేబిన్‌కి ఏసీ ఉంది. బుర్రలు మాత్రం దేవుడు పెట్టడం మర్చిపోయాడు. చెప్పింది చెప్పినట్టు చెయ్యడమే తెలివని సింహాచలం సిద్ధాంతం. దానికి మీసం మెలెయ్యడం కూడానూ.

చెల్లెలు నూకరత్నం పెళ్ళి కుదిరింది. కడియం నుంచి తాజా దండలు రావాలి, వాడిపోయినవి తెస్తే ఊరుకోనంది కాబోయే అత్తగారు. అందుకని నూకరత్నం పెద్దన్నయ్య చెయ్యి పట్టుకుని, "అన్నయ్యా, దండలు వాడకుండా తీసుకురా. ఆవిడ ముందు నా పరువు నీ చేతిలో ఉంది" అంది. ఎవరి చేతిలో పెడుతోందో ఆ పిచ్చిపిల్లకి తెలీదు పాపం.

దండలు కొని, కేబిన్‌లో అద్దం ముందు వేలాడదీసుకుని బయల్దేరారు. రోహిణీకార్తె ఎండ. ఏసీ వేస్తే చల్లగాలి కాళ్ళకి కొడుతోందిగానీ పైకి రావడం లేదు. సింహాచలం గాభరాపడి తుని మెకానిక్కు ఖాదర్‌కి ఫోన్ చేశాడు. ఫ్యూజు తీసి చూడమన్నాడతను. ఇంకేముంది, తీశారు, ముగ్గురూ వంతులవారీగా చూశారు, బాగుందనుకుని జేబులో వేసుకున్నారు. దాంతో వచ్చే గాలి కూడా ఆగిపోయింది. మళ్ళీ పెట్టారా అని ఖాదర్ అడిగితే, పెట్టమని నువ్వు చెప్పలేదుగా అని సింహాచలం ఎదురు కోప్పడ్డాడు.

ఫ్యూజు పెట్టించి, అద్దాలు దించి లోపలి వేడిగాలిని బయటికి పోనివ్వమన్నాడు ఖాదర్. అంతే, తువ్వాళ్ళతో గాలిని తరమడం మొదలెట్టారు. అది వెనకే వస్తుందేమోనని సన్యాసిరావుకి బెంగ. లారీ నంబరు చూసి గుర్తుపడుతుందేమోనన్నాడు. మంచి మాటేనని అప్పలకొండ దిగి నంబరు పలకకి బురద పూసొచ్చాడు.

చల్లగాలి ఇంకా కిందికే వస్తోంది. దండలు కింద పెడదామంటే కాళ్ళుండే చోట పెళ్ళిదండలు పెట్టడం పాపం. సింహాచలం బుర్ర గోక్కుని, అక్కడ కాళ్ళే లేకుండా చేస్తే పాపమెక్కడిదన్నాడు. ఆ తెలివికి తమ్ముళ్ళు మురిసిపోయారు. దండలు కిందికి దిగాయి, కాళ్ళన్నీ పైకెక్కాయి. మరి బ్రేకు, యాక్సిలరేటరు? సన్యాసిరావు కింద దూరి చేతులతో నొక్కాలి. ఎప్పుడు నొక్కాలో అన్నయ్య చెబుతాడు. ఎప్పుడు వదలాలో ఎవరూ అనుకోలేదు. అలా కుంటుకుంటూ వెళ్ళి లారీ అన్నవరం దగ్గర ఇసకగుట్ట ఎక్కి కూర్చుంది.

మళ్ళీ ఫోన్ చేస్తే ఖాదర్ బండి మీద వచ్చాడు. ఏసీ మీట కాళ్ళ బొమ్మ మీదుంది. మొహం బొమ్మ మీదికి తిప్పాడు, అంతే, చల్లగాలి పైకి తన్నింది. దండలు మళ్ళీ పైన కట్టించాడు. లారీని తనే రోడ్డెక్కించి, తల పట్టుకుని, "ఇంక తలుపులు తియ్యకండి. చల్లదనం పోతుంది" అని వెళ్ళిపోయాడు.

తీరా కళ్యాణమండపం ముందుకొచ్చాక సింహాచలం తలుపు తియ్యడే. అందరూ అద్దాలు బాదారు. పంతులుగారు కేకలేశారు. ఖాదర్‌కి ఫోన్ చేస్తే ఎత్తలేదు, ఆ రోజుకి వీళ్ళతో చాలనుకున్నాడేమో. ఆఖరికి పెళ్ళికూతురే పీటల మీంచి లేచొచ్చింది.

"అన్నయ్యా, తలుపు తియ్యి. ముహూర్తం దాటిపోతోంది."

"తియ్యకూడదమ్మా. ఇంతదాకా కాపాడి ఇప్పుడు వాడగొట్టుకుంటామా?" అన్నాడు సింహాచలం అద్దం అవతల్నుంచి, ఎంతో ప్రేమగా.

నూకరత్నానికి కోపం, ఏడుపు కలిసి వచ్చాయి. అత్తగారు ఆ లారీ వైపు, ఈ పిల్ల వైపు మార్చి మార్చి చూసింది. ఇలాంటి అన్నలతో ఇన్నాళ్ళు వేగిన పిల్ల తన కొడుకుతో వేగలేకపోదులే అని, గుమ్మానికి కట్టిన బంతిపూల తోరణాలు తనే తెంపి తెచ్చి ఇద్దరి మెడలోనూ వేయించింది.

గట్టిమేళం మోగింది. లారీలో అన్నల కళ్ళు చెమర్చాయి. చెల్లెల్ని దీవించాలి, చేతిలో అక్షింతలు లేవు. సింహాచలం ఒక్క క్షణం ఆలోచించాడు. ఇంకేముంది, ముగ్గురూ దండలు అందుకుని, గులాబీ రేకులు, మల్లెపూలు గుప్పెళ్ళకొద్దీ తెంపి, మూసిన అద్దం మీదికి విసురుతూ నిండు నూరేళ్ళు బతకమని దీవించారు. పూలన్నీ అద్దానికి తగిలి వాళ్ళ ఒళ్ళోనే పడ్డాయి. చేతిలో ఉత్త దారాలు మిగిలాయి.

సన్యాసిరావు ఒళ్ళోంచి ఒక మల్లెపువ్వు తీసి వెలుగులో పెట్టి చూశాడు.

"ఒక్కటీ వాడలేదు అన్నయ్యా" అన్నాడు.