రాయబారి మార్చిన మాట

మణిగిరి అని ఒక రాజ్యం ఉండేదిలెండి. దాన్నేలే ఉద్దండరాయలవారి బిరుదులన్నీ ఒక్క గుక్కలో చదవాలంటే వందిమాగధులకు ఊపిరి చాలేది కాదు. అంత గొప్పవారికీ ఒక లోటుంది. పాపం, ఆయనతో మాట్లాడే మనిషి లేడు.

నమ్మరా? భోజనాల వేళ చూడాలి. అంత పొడుగు సావడిలో వెండి పీట మీద రాయలవారు ఒక్కరే. ఎదురుగా రాణి నాగాంబిక పీట, ఖాళీగా.

"ఏమోయ్ సోమన్నా, ఈవేళ వాన పడేలా ఉందా?" అని వడ్డించేవాణ్ణి అడిగేవారు.

"చిత్తం."

"పడదేమోలే?"

"చిత్తం."

మనిషన్నవాడు ఎంతసేపని ఆ చిత్తంతో కబుర్లాడతాడు?

అంతా ఆయన చేసుకున్నదే. ఆమధ్య ఒకనాడు రాణి తన చేత్తో పనసపొట్టు కూర వండి ఎదురుచూస్తూ కూర్చుంది. రాయలవారు వేటనుంచి ఆలస్యంగా వచ్చి, కూర చల్లారిందని గుడ్లురిమారు. "బుద్ధి లేదా నీకు? ఎన్నిసార్లు చెప్పినా తలకెక్కదు. నీ ముఖం చూడటమే దండగ. నా కంటపడకు!" అని కోటంతా వినబడేలా నోరు పారేసుకున్నారు. రాణి కంటపడటం మానేసింది. రాజాజ్ఞ కదా మరి!

ఇప్పుడు ఏకంగా పుట్టింటికి పల్లకి సిద్ధం చేయించుకుందని కబురొచ్చింది. మళ్ళీ రాదట. రాయలవారి గుండె జారిపోయింది. పైకి మాత్రం మీసం దువ్వుతూ, రాయబారి పేరన్నను కొలువుకు పిలిపించారు.

"ఏం పేరన్నా, యుద్ధాలు ఆపిన నోరంటారే నీది! పోయి రాణిని ఆపు. ఆపలేకపోయావో, ఆ పల్లకి వెనకాలే నువ్వూ రాజ్యం దాటుతావు."

"ఏమని చెప్పమంటారు ప్రభూ?"

"పొగరు మాని, నోరుమూసుకుని పడివుండమన్నానని చెప్పు!"

పేరన్న తల గోక్కున్నాడు. "అలాగే. ముందు మన పొరుగు చింతపురి రాజుగారి మాట ఒకటి విన్నవించాలి. అభయమిస్తే..."

"ఇచ్చాం. చెప్పు."

"'ఒరే ఉద్దండా! బుద్ధి లేదా నీకు? ఎన్నిసార్లు చెప్పినా తలకెక్కదు. నీ ముఖం చూడటమే దండగ. నా కంటపడకు!'"

తాము అన్న మాటలు రాయలవారికి గుర్తుంటేనా! సింహాసనం మీంచి ఎగిరి లేచి కత్తి దూశారు. "ఎంత కండకావరం! సేనాపతిని పిలవండి! ఏనుగుల్ని కదిలించండి!"

"నాలుగు మాటలే కదా ప్రభూ..."

"నాలుగు మాటలా! ఇంత మాట పడ్డాక ఎవడైనా ఊరుకుంటాడా?"

"ఊరుకోడు. ఏలినవారికి ఏనుగులున్నాయి, కదిలిస్తున్నారు. రాణీగారికి పల్లకి ఒక్కటే ఉంది. చింతపురి రాజు ఏమీ అనలేదు ప్రభూ. అవి భోజనాల సావడిలో తమరన్న మాటలే. పేరొక్కటే మార్చాను."

రాయలవారి చేతిలో కత్తి బరువెక్కింది. ఆ మాటలు ఇంత మండుతాయా అనుకున్నారు, మొదటిసారి.

"మరి పరాయి రాజులకు నా మాట ఎలా చేరవేస్తున్నావురా ఇన్నాళ్ళూ?"

"తమరు చింతపురివాళ్ళను దొంగవెధవలన్నారు. నేను వెళ్ళి, 'మీ పశువులు మా చేలో పడ్డాయి. మా రాజుగారు నొచ్చుకున్నారు. మా రైతుకు పంట దక్కాలి. ఒక కాపరిని పెట్టగలరా?' అన్నాను. పెట్టారు."

"అంటే నా మాటలన్నీ మార్చేశావా!"

"అన్నీ ప్రభూ. అందుకే మనకు యుద్ధాల్లేవు."

నవ్వాలో నరకాలో తెలియలేదు రాయలవారికి. "సరే, రాణికీ అలాగే చెప్పిరా."

"చింతపురికైతే వెళతాను గానీ, రాణీగారి దగ్గరికి నేనెందుకు? తమరే వెళ్ళండి. జరిగింది చెప్పండి. తమకెలా ఉందో చెప్పండి. కావలసింది అడగండి, ఆజ్ఞ మాత్రం వద్దు."

"కాదంటే?" రాయలవారి గొంతు చిన్నబోయింది.

"అప్పుడూ వినాలి ప్రభూ."

రాయలవారు అంతఃపురానికి వెళ్ళేసరికి రాణి పల్లకి ఎక్కబోతోంది. "ఏమిటీ పొగరు!" అని నాలుక మీదికొచ్చింది. రాయలవారు మింగేశారు.

"ఆవేళ నువ్వు వండుకుని కూర్చున్నావు. ఆలస్యంగా వచ్చింది నేను. తిట్టిందీ నేనే. అప్పట్నుంచి ఒక్కణ్ణే తింటున్నాను నాగా. ఏదోలా ఉంటోంది. దిగులుగా ఉంటోంది. మాట్లాడేందుకు నాకు మనిషి కావాలి. ఈ పూట నాతో కూర్చుంటావా? ఇష్టం లేకపోతే... సరే."

రాణి పల్లకి మీంచి చెయ్యి తీసి, "చిత్తం" అంది.

రాయలవారి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "ఆ మాట వద్దు. నీ మనసులో ఉన్నది చెప్పు."

"చెప్పమంటారా? నాకింకా కోపంగానే ఉంది. ఈ పూట కూర్చుంటాను. రేపటి సంగతి రేపు."

"అది చాలు" అన్నారు రాయలవారు.

భోజనాల సావడి గుమ్మంలో తమ చేతి కడియం ఊడదీసి పేరన్నకు తొడిగారు. "ఇకనుంచి నా మాట మార్చకురోయ్!"

"మార్చే అవసరం రానివ్వకండి ప్రభూ" అన్నాడు పేరన్న.

రాణి తన పీట మీద కూర్చుంది. రాయలవారు అలవాటుగా, "సోమన్నా, వాన పడేలా ఉందా?" అన్నారు.

"చిత్..." సోమన్న ఆగాడు. రాణిని చూశాడు. రాజును చూశాడు. గుండె చిక్కబట్టుకున్నాడు. "పడదు ప్రభూ. తమకు మబ్బు చూడటం రాదు."

రాయలవారు ఒక్క క్షణం తెల్లబోయి, పగలబడి నవ్వారు. నవ్వీ నవ్వీ పొలమారింది.

రాణి తన ముందున్న మంచినీళ్ళ చెంబు ఆయన వైపు జరిపింది.