ఆఖరి ముద్ద

జమీందారు తినే ప్రతి వంటనూ ముందుగా ఓ ముద్ద తిని, విషం లేదని తేల్చడం పోలయ్య కొలువు. కొలువులోంచి తీసేస్తే రెండెకరాల మాగాణి ఇస్తానని ఒప్పందం. తీరా తీసేశాక మాగాణి ఇవ్వలేదని పోలయ్య ఫిర్యాదు చేస్తే, జమీందారు రాజుగారి ముందు అడ్డం తిరిగాడు.

"నేను తీసెయ్యలేదు ప్రభూ! వాడిప్పటికీ నా కొలువులోనే ఉన్నాడు."



మధ్యాహ్నం రాజుగారి పంక్తిలో జమీందారు భోజనానికి కూర్చున్నాడు. పోలయ్య వెళ్లి, జమీందారు విస్తట్లోంచి ఓ ముద్ద తీసి నోట్లో పెట్టుకున్నాడు.

"ఎంత పొగరురా! నిన్ను పీకేసి నెలయింది కదరా!" జమీందారు గావుకేక పెట్టాడు.

పంక్తంతా బిగుసుకుపోయింది. రాజుగారు తల తిప్పి జమీందారు వంక చూశారు.

పోలయ్య ముద్ద మింగి చేతులు జోడించాడు. "వంటలో విషం లేదు దొరా, భోంచెయ్యండి. ఇకనుంచి నేను నా మాగాణి బియ్యమే తింటాను."