ఏసీ పట్టని కారు, ముగ్గురు మేనమామలు

రెంటచింతలలో పేరయ్య, అంకారావు, గోవర్ధనం అని ముగ్గురన్నదమ్ములు ఉండేవాళ్ళు. తమంత తెలివైనవాళ్ళు పల్నాడు మొత్తంలో లేరని వాళ్ళ గట్టి నమ్మకం.

"చెప్పింది చెప్పినట్టు చెయ్యడమేరా తెలివంటే! సొంత ఊహలు కలిపినోడే చెడిపోయేది" అనేవాడు పెద్దవాడు పేరయ్య.

ఒకసారి వాళ్ళమ్మ "పాలు పొయ్యి మీదున్నాయి, చూస్తుండండ్రా" అని పక్కింటికెళ్ళింది. ముగ్గురూ రెప్ప వెయ్యకుండా చూశారు. పాలు పొంగాయి, గట్టు మీదికి కారాయి, నేల మీదికి దిగాయి. అమ్మ వచ్చేసరికి ముగ్గురూ కింద కూర్చుని ఇంకా చూస్తూనే ఉన్నారు.

అలాంటి ముగ్గురికీ ఒక్కతే చెల్లెలు, శేషమణి. ఆమెకు గురజాల ఆస్పత్రిలో ఆడపిల్ల పుట్టింది. అమ్మ అక్కడే తోడుంది. ఇంటికి తీసుకుపొమ్మన్న రోజు పొద్దున్నే అమ్మ ఫోన్ చేసింది.

"ఒరే పేరయ్యా, పసిగుడ్డుకు వేడి తగలకూడదంట. కారులో ఏసీ బాగుచేయించుకుని రండి. పిల్లను చల్లగా ఇంటికి చేర్చాలి."

అసలే మే నెల. రెంటచింతల ఎండంటే తొమ్మిదింటికే చెప్పుల్లేకుండా వాకిట్లో కాలు పెట్టలేం. మేనమామలు ముగ్గురికీ గుండె కరిగిపోయింది. వాళ్ళకో పాత తెల్లకారుంది. ఏసీ వేస్తే గాలి వస్తుంది కానీ, పొయ్యి మీంచి వచ్చినట్టు వస్తుంది. ఇంకేముంది, మెకానిక్ సైదాకు ఫోన్ కొట్టారు.

సైదా పిడుగురాళ్ళలో చుట్టాలింట్లో ఉన్నాడు. "నేను రావడానికి రెండు గంటలు పడుతుంది. ఈలోపు ఇంజను స్టార్ట్ చేసి, ఏసీ వేసి, బానెట్ ఎత్తి కంప్రెసర్ దగ్గర వినండి. టక్‌మని శబ్దం రావాలి" అన్నాడు.

విన్నారు. టక్ లేదు, టిక్ లేదు.

"శబ్దం రావాలన్నాడు కదన్నా!" అన్నాడు చిన్నవాడు గోవర్ధనం. స్పానర్ తీసి కంప్రెసర్ నెత్తిన ఒక్కటిచ్చాడు. టక్!

"వచ్చింది సైదా! బ్రహ్మాండంగా వచ్చింది!"

"వస్తే చల్లగాలి రావాలే! వస్తోందా?"

"అదొక్కటే రావట్లా."

సైదా తల గోక్కున్నాడు. "అయితే ఏసీ ఫ్యూజు తీసి చూడండి."

తీశారు. పేరయ్య చూశాడు, అంకారావు చూశాడు, గోవర్ధనం కాస్త ఎక్కువసేపు చూశాడు.

"చూశాం."

"పోయిందా?"

"ఎక్కడికి పోతుంది సైదా? నా అరచేతిలోనే ఉంది."

"అబ్బా, బాగుందా అని!"

"ఎర్రగా, బుజ్జిగా, చాలా బాగుంది."

"సరే, దాన్ని ఉన్నచోటే పెట్టండి. గ్యాస్ తగ్గి ఉంటుంది. ప్రెషర్ తక్కువైతే కంప్రెసర్ ఎంగేజ్ అవ్వదు. నేనొచ్చి చూస్తా, మీరేం ముట్టుకోవద్దు" అని సైదా ఫోన్ పెట్టేశాడు.

"ప్రెషర్ తక్కువంటరా దీనికి! పాపం, అమ్మకు కూడా అంతేగా" అన్నాడు అంకారావు. అమ్మకు ప్రెషర్ తగ్గితే ఏమిస్తారు? ఉప్పేసిన మజ్జిగ. అంతే, చెంబుడు కలుపుకొచ్చారు.

"ముట్టుకోవద్దన్నాడు కదరా!" అన్నాడు పేరయ్య.

"ముట్టుకోం అన్నా. పైనుంచి పోస్తాం."

నోరెక్కడుందో తెలియలేదు. లోపల గాలి వచ్చే కన్నాలు నోళ్ళలాగే కనిపించాయి. ఏసీ ఆపి, నాలుగింటిలోనూ సమానంగా పోశారు. "తాగింది! మొత్తం తాగేసింది!" అని సంబరపడి మళ్ళీ వేశారు. ఇంకేముంది! ముందు గుర్రుమంది, తర్వాత నాలుగు కన్నాల్లోంచీ మజ్జిగంతా పేరయ్య మొహాన కొట్టింది. మీసానికి కరివేపాకు అంటుకుంది.

"కక్కేసిందిరా" అన్నాడు పేరయ్య కళ్ళు తుడుచుకుంటూ. "ప్రెషర్ కాదు, దిగులుతో ఉంది. సైదా ఇంకోటి చెప్పాడు చూడు, ఎంగేజ్ అవ్వట్లేదని."

"ఎంగేజ్‌మెంటా?"

"మరి? ఈడొచ్చినదానికి సంబంధం చూడకపోతే దిగులుపడదూ?"

పెళ్ళికొడుకు కోసం వెతికే పని లేకపోయింది. ఎదురుగానే రేడియేటరుంది, వెడల్పాటి ఛాతీ. పక్కింటి వెంకాయమ్మను పిలిచి తాంబూలం ఇచ్చారు. ఇంజను ఆపి, కంప్రెసర్‌కు పసుపు రాసి, బొట్టు పెట్టి, బంతిపూల దండ వేశారు. అంకారావు తన ఉంగరం తీసి దాని చక్రానికి తగిలించాడు.

"మేళం లేకుండా ఏం శుభకార్యం? ఇంజనన్నా మోగించండి!" అంది వెంకాయమ్మ.

గోవర్ధనం తాళం తిప్పాడు. అంతే! దండ బెల్టులో చిక్కింది, ఉంగరం ఎగిరి గోడ అవతల పడింది, బెల్టు ఫట్‌మని తెగింది. బంతిరేకులు అందరి నెత్తినా రాలాయి.

"అక్షింతలు కూడా అదే వేసుకుంది!" అని వెంకాయమ్మ చప్పట్లు కొట్టింది.

సరిగ్గా అప్పుడొచ్చాడు సైదా. పసుపు చూశాడు, తెగిన బెల్టు చూశాడు, మజ్జిగ కంపు పీల్చాడు. ఒక్క మాటా అనలేదు. అంటే మళ్ళీ ఏం చేస్తారోనని భయం! కొత్త బెల్టు వేశాడు. గ్యాస్ చూస్తే సరిపడా ఉంది. కంప్రెసర్‌కు బ్యాటరీ నుంచి నేరుగా కరెంటిచ్చాడు, టక్‌మని పట్టింది. అంటే కంప్రెసర్ బాగానే ఉంది, దానికి కరెంటు అందించే రిలే పాడైంది. దాన్ని మార్చి ఏసీ వేశాడు. మజ్జిగ వాసనతోనే కానీ, చల్లటి గాలి వచ్చింది!

ముగ్గురూ సైదాను వాటేసుకున్నారు. అతను విడిపించుకుని, "తొందరగా వెళ్ళండి. ఒక్కమాట, ఒకసారి వేశాక తలుపులు తీయొద్దు, చల్లదనమంతా పోతుంది" అన్నాడు.

తలుపులు నాలుగు. కాబట్టి కాపలాకు ముగ్గురూ ఎక్కారు. గురజాల ఆస్పత్రి గేటు ముందు కారు ఆగింది. శేషమణి పాపను కొంగు చాటున పట్టుకుని వచ్చింది. వెనకాల అమ్మ, చేతిలో సంచులు.

"తలుపు తియ్యి పెద్దన్నా!"

పేరయ్య అద్దం వెనకాల నుంచి అరిచాడు, "తియ్యకూడదమ్మా! చల్లదనం పోతుంది!"

"నేనెట్లా ఎక్కాలి?"

ఎక్కే సంగతి సైదా చెప్పలేదు. "ఈ చల్లదనాన్ని ముందు భద్రంగా ఇంటికి చేర్చేస్తాం! అక్కడికొచ్చెయ్యండి!" అని కారు తిప్పుకుని వెళ్ళిపోయారు.

అమ్మ నెత్తి కొట్టుకుని ఆటో పిలిచింది. రెండు వైపులా తడి చీరలు కట్టించింది. ఆ చల్లదనానికి పాప దారంతా హాయిగా నిద్రపోయింది.

ఆటో ఇల్లు చేరేసరికి కారు వాకిట్లోనే ఉంది. పెట్రోలు అయిపోయింది, ఇంజను ఆగింది, ఏసీ ఆగింది. లోపల ముగ్గురూ చెమటతో తడిసి ముద్దయిపోయి కూర్చున్నారు.

శేషమణి అద్దం మీద కొట్టింది. "చిన్నన్నా, దిగండి! ఇంకా లోపలేం చల్లదనం ఉందని?"

"నిజమేరా, ఉన్నదంతా వేడే" అన్నాడు అంకారావు. "తీద్దామా?"

పేరయ్య కోపంగా చూశాడు. "బుద్ధుందా నీకు? బయట పాపుంది! ఇంత వేడి ఒక్కసారే వదిలితే పసిగుడ్డు తట్టుకుంటుందా?"

అంతే, ముగ్గురూ తలా ఒక తలుపు గట్టిగా లాగి పట్టుకున్నారు. నాలుగోదానికి గోవర్ధనం కాలు అడ్డం పెట్టాడు.