జెట్టిగారి బొబ్బట్లు

అనగనగా, మన తాతల తాతలు ఉయ్యాలలో ఊగే కాలంలో, మణిగిరి అనే పట్నంలో కొమరయ్య అనే జెట్టి ఉండేవాడు. జెట్టి అంటే కుస్తీలు పట్టే మల్లుడు. వయసులో ఉండగా ఎక్కడెక్కడి మల్లులో వచ్చి అతనితో తలపడ్డారు. అందరి వీపులకూ మన్ను అంటింది. కొమరయ్య వీపుకు మాత్రం అంటలేదు.

ఇప్పుడు జుట్టు నెరిసింది, మోకాళ్లు పట్టేశాయి. అయినా రోజూ పొద్దున్నే మీసం మెలేసి, "ఈ వీపు నేలను ఎరగదు!" అని వీధంతా వినబడేలా అనేవాడు. అతనికి పులంటే భయం లేదు, దయ్యమంటే భయం లేదు. తను వెల్లకిలా పడి ఉండగా ఎవరైనా చూస్తారేమో అన్నదొక్కటే భయం. పాపం, ఆ సంగతి భార్య అంకమ్మకు తప్ప ఎవరికీ తెలియదు.

ఆ పట్నపు రాజమాతకూ వయసు మీద పడింది. ఒకనాడు ఆవిడ కొడుకును పిలిచి, "నాయనా, పిల్లలకు బళ్లున్నాయి. ముసలితనం మాకూ కొత్తే కదా! మాకెవరు నేర్పుతారు?" అని అడిగింది.

రాజు ఆలోచించి, ఖాళీగా ఉన్న ఏనుగుల సావిడిలో పెద్దల బడి పెట్టించాడు. వారానికొకసారి ఆస్థాన వైద్యుడు వచ్చి పాఠం చెప్పేవాడు. రాజమాత కూడా కూరలమ్మే అవ్వల పక్కనే చాప మీద కూర్చుని వినేది.

"మనమూ పోదాం రావయ్యా," అంది అంకమ్మ.

"మీసాలు నెరిశాక నాకు ఓనమాలా? నువ్వు పో!" అన్నాడు కొమరయ్య.

మొదటి వారం అంకమ్మ బడి నుంచి వచ్చి జావ కాచింది, పప్పు మెత్తగా ఉడికించింది. "పసిపిల్లలకు పెట్టినట్టు ఇదేం తిండే!" అని విసుక్కుంటూనే కొమరయ్య గిన్నె ఖాళీ చేశాడు.

రెండో వారం వచ్చి, "సాయంత్రాలు ఇంట్లో ముడుచుకుని కూర్చోకూడదట. నలుగురిలోకి పోవాలట," అంది. "కావాలంటే ఆ నలుగురే నా దగ్గరికొస్తారు," అన్నాడు. ఎవరూ రాలేదు.

మూడో వారం వచ్చి వసారాలో పడుకుంది. పక్కకు దొర్లి, బోర్లా తిరిగి, పాకి, లేచి నిలబడింది. మళ్లీ పడుకుంది.

"ఏమే, మతి గానీ పోయిందా?"

"పడితే ఎలా లేవాలో నేర్పారయ్యా. చూడు, నీకూ పనికొస్తుంది."

"ఆ పాఠం పడేవాళ్లకు!" అని కొమరయ్య మొహం తిప్పుకున్నాడు.

కొన్నాళ్లకు ఒక ఉదయం పెరట్లో నూతి దగ్గర నాచు మీద కాలు జారింది. జెట్టి వెల్లకిలా పడ్డాడు. అదృష్టం బాగుండి ఎముకలు విరగలేదు. వెంటనే పాత అలవాటు కొద్దీ నడుము విల్లులా ఎత్తి ఒక్క ఊపున లేవబోయాడు. కూలబడ్డాడు. మళ్లీ ఊగాడు, మళ్లీ కూలబడ్డాడు. మూడోసారికి ఊపిరే అందలేదు. అంతటి మనిషికీ కళ్ల వెంట నీళ్లొచ్చాయి.

అంకమ్మ పరుగున వచ్చి చెయ్యి పట్టి లాగింది. ఆమె బక్కపలచని మనిషి, అతను కొండంత మనిషి. అంగుళం కూడా కదల్లేదు.

"పక్కింటివాళ్లను పిలుస్తానుండు."

"వద్దే! ప్రాణం పోయినా సరే, నన్నిలా ఎవరూ చూడకూడదు."

ఎండెక్కుతోంది. అంకమ్మ అతని తల దగ్గర కూర్చుంది. "ఎదుటివాణ్ణి పడేసే పట్లన్నీ నేర్చావు. లేచే పట్టొక్కటీ నేర్వలేదయ్యా."

"నేనెప్పుడైనా పడితే కదా," అన్నాడు కొమరయ్య, పిల్లవాడి గొంతుతో.

"ఇప్పుడు పడ్డావుగా. నే చెప్పినట్టు చెయ్యి. ముందు ఊపిరి తీసుకో. తొందరపడకు. మోకాలు మడిచి పక్కకు దొర్లు. ఆఁ, అలాగే. ఇక బోర్లా తిరుగు. చేతులూ మోకాళ్లూ ఆన్చి ఆ బట్టలుతికే బండ దాకా పాకు. బండను పట్టుకుని ఒక కాలు ముందుకు మోపు. రెండో కాలు. లే."

కొమరయ్య లేచాడు. బండ మీద కూర్చున్నాడు.

తరవాత మెల్లగా, "ఏమే, పసిబిడ్డ మొదటిసారి బోర్లా పడితే ఏం పంచుతారు?" అని అడిగాడు.

"బొబ్బట్లు."

"అయితే శనగపప్పు నానబెట్టు."

మర్నాడు పళ్లెం పట్టుకుని కొమరయ్యే గడప గడపకూ వెళ్లాడు. జనం ఆశ్చర్యపోయి, "మీ ఇంట పసిబిడ్డ ఎవరు జెట్టిగారూ?" అని అడిగారు.

"నేనే! నిన్న నూతి దగ్గర వెల్లకిలా పడ్డాను. నా పెళ్లాం నేర్పితే బోర్లా తిరిగి లేచాను. తినండి!"

వీధి వీధంతా నవ్వింది. అందరికంటే గట్టిగా నవ్వింది కొమరయ్యే. ఆ వారం సావిడికి బయల్దేరితే, ఇన్నాళ్లూ సిగ్గుపడి ఇళ్లలో కూర్చున్న ముసలివాళ్లంతా అతని వెనకే నడిచారు.

పిల్లలూ, నేర్చుకోవడానికి సిగ్గుపడనివాళ్లు ఎంత వయసులో పడ్డా మళ్లీ లేస్తారు.