అమ్మే మిద్దెకు చౌడు

సిద్దప్ప స్వామిని ప్రశ్న అడిగినవాళ్లకు జవాబు దొరికేది కాదు, పని దొరికేది. పెన్నేటి ఒడ్డున రెండు గదుల మఠం ఆయనది. పొద్దస్తమానం వసారాలో కూర్చుని నార తాళ్లు పేనుతూ ఉండేవాడు. మోక్షం ఎట్లా వస్తుందని అడిగిన పెద్దమనిషిని బానలో నీళ్లు నింపమన్నాడు. తమ్ముడితో పొసగడం లేదని కండ్లనీళ్లు పెట్టుకున్న రైతును పేనే తాడుకు రెండో కొస పట్టుకోమన్నాడు. కొందరు విసుక్కుని రావడం మానేశారు. చెప్పిన పని చేసి చూసినవాళ్లు మాత్రం ఆ వసారా వదల్లేదు.

అట్లా వదలనివాళ్లలో ఓబుళమ్మ ఒకతె. బొరుగుల ఓబుళమ్మ అంటే ఊరంతటికీ తెలుసు. దస్తగిరి సాబు బట్టీని బాడుగకు తీసుకుని ఇరవై ఏండ్లుగా బియ్యం వేయించి బొరుగులు చేస్తోంది. ఆరుగురు ఆడవాళ్లు ఆమె దగ్గర పనిచేసి పొయ్యి వెలిగించుకుంటున్నారు. పిల్లల్లేరు, భర్త పుల్లన్న పోయి మూడేండ్లయింది. ప్రతి గురువారం ఒక చేటెడు బొరుగులు మఠానికి పట్టుకుపోవడం ఆమె తప్పని నోము.

ఆ ఏడు వైశాఖంలో దస్తగిరి సాబు వచ్చి గడపలో కూర్చున్నాడు. "ఓబుళక్కా, నేను కడపకు పోతాండా, కొడుకు రమ్మంటాండాడు. బట్టీ అమ్మేస్తా. నువ్వు తీసుకుంటే పద్దెనిమిది వేలకు నీకే ఇస్తా. లేదంటే లారీలోళ్లు అడుగుతాండారు. పొయ్యి పడగొట్టి షెడ్డు వేసుకుంటారంట. నీ ఉప్పు తిన్నోణ్ణి గాబట్టి వినాయక చవితి దాకా ఆపుతా," అన్నాడు.

ఓబుళమ్మకు ఉన్నదల్లా కుమ్మరివీధిలో మామగారు కట్టిన మట్టి మిద్దె. బట్టీ వెనక ఒక గది ఉంది, ఒంటి మనిషికి అది చాలు. ఇల్లు పద్దెనిమిదికి పోతే బట్టీ నిలుస్తుంది. ఒక్క వెయ్యి తగ్గినా ఆరు ఇండ్ల పొయ్యి ఆరిపోతుంది.

కొనడానికి వచ్చినవాడు నరసింగరావు, రిటైరైన ఓవర్సీరు. ముప్పై ఏండ్లు గోడల్లో తప్పులు పట్టి జీతం తీసుకున్న మనిషి. ఉద్యోగం అయిపోయినా ఆ చెయ్యి ఊరుకోలేదు. మొదటిసారి వచ్చి వేలి కణుపుతో గోడ కొట్టి, "డొల్లగా ఉందమ్మా," అని జేబులోంచి చిన్న పుస్తకం తీసి పెన్సిలుతో రాసుకున్నాడు. పద్దెనిమిది పదహారైంది. రెండోసారి బావమరిదిని వెంటబెట్టుకొచ్చాడు. తలుపు పొట్టిదన్నాడు, దూలానికి చెద ఉందన్నాడు. పదహారు పదిహేనైంది. మూడోసారి వచ్చిన వాస్తు సిద్ధాంతి వంటిల్లు ఉండాల్సిన మూలలో లేదన్నాడు. దాంతో పదమూడుకు దిగింది. వచ్చిన ప్రతిసారీ ఓబుళమ్మ ఇచ్చిన మజ్జిగ మాత్రం ముంత అడుగు కనబడేదాకా తాగేవాడు. మజ్జిగలో ఏ లోపమూ కనబడలేదు కాబోలు.

అంతటితో పోతే సరిపోయేది. టీ కొట్లో కూర్చుని, "ఆ మిద్దె కారుతుంది. వానొస్తే లోపల గొడుగేసుకోవాలి," అని నలుగురికీ చెప్పాడు. ఆ మాట వీధి దాటింది. ఇల్లు చూస్తామన్న ఇంకో ఇద్దరు మళ్లీ ముఖం చూపలేదు.

ఓబుళమ్మ ఊరుకునే మనిషి కాదు. అతడు ఒకటంటే నాలుగు అనేది. మామగారు దూలాలు ఏ అడవి నుంచి తెప్పించాడో చెప్పేది, చివరకు పుల్లన్న పేరు కూడా ఎత్తేది. ఆమె ఎంత మాట్లాడితే అతడు అంత రాసుకునేవాడు.

జ్యేష్ఠమాసం మొదటి గురువారం ఆమె మఠానికి వచ్చేసరికి బడిపంతులు ఆదినారాయణ అప్పటికే అక్కడ ఉన్నాడు. హెడ్మాస్టరు నలుగురిలో తనను ఒక మాట అన్నాడనీ, మూడు దినాలుగా నిద్ర లేదనీ, ఏమని జవాబు రాయాలో చెప్పమనీ అడుగుతున్నాడు. స్వామి అతని చేతికి నార కట్ట ఇచ్చి చిక్కు తీయమన్నాడు. పంతులు సగం చిక్కు తీసి, సగం అట్లే వదిలేసి కూర్చున్నాడు.

ఓబుళమ్మ బొరుగుల చేట దించి, జరిగిందంతా చెప్పి, "సామీ, మన ఇంటికి లేనిపోని వంకలు పెట్టే మనిషికి ఏమని జవాబు చెప్పల్ల?" అంది.

స్వామి తాడు పేనుతూనే, "ఈ ఏడు మిద్దెకు చౌడేసినావామ్మా?" అని అడిగాడు.

"లేదు సామీ. ఆయన పోయినాక నేను మిద్దె ఎక్కలే."

"ఎక్కు. వానలొస్తాండాయి. చౌడెయ్."

ఆదినారాయణకు నవ్వు ఆగలేదు. "అమ్మే మిద్దెకు చౌడేంది సామీ! కొనేటోని నెత్తికి మనం నూనె అంటినట్లుంది. మాదైతే స్లాబిల్లు. ఈ చౌడు పీకులాటే లేదు," అన్నాడు. స్వామి అతని వైపు చూడలేదు.

మట్టి మిద్దెల సంగతి తెలిసినవాళ్లకు చౌడు సంగతి చెప్పనక్కర్లేదు. దూలాల మీద దంతెలనే సన్న వాసాలు, వాటి మీద కంప, కంప మీద మన్ను. ఆ పైన ఏటేటా వానలకు ముందు చౌటినేల తెల్లమన్ను పరచాలి. తొలి చినుకులకు అది తోలులాగా బిగుసుకుంటుంది, ఆపైన ఎంత వాన పడినా నీళ్లు జారి తూములోకి పోతాయి. ఒక ఏడు వేయకపోతే మిద్దె ఓర్చుకుంటుంది. రెండో ఏడు గొణుగుతుంది. మూడో ఏడు ఏం చేస్తుందో ఎవరూ చెప్పలేరు.

ఓబుళమ్మ చిరచిరలాడుతూనే ఇంటికి పోయింది. అయినా గురువు మాట. ఏటి అవతలి నుంచి రెండు బండ్ల చౌడు తోలించింది. పక్కింటి లక్షుమ్మ నడుం మీద చేతులు పెట్టుకుని, "ఏం ఓబుళక్కా, ఇల్లు అమ్ముతాండావా, కొత్తగా కడతాండావా? ఆ ఓవర్సీరుకు కాళ్లు గూడా కడుగుతావేమో, చెంబు నేనిస్తాలే!" అంది. "నీ చెంబుకు సొట్టలుండాయి, ఆయప్ప అదీ రాసుకుంటాడు," అని ఓబుళమ్మ గంప ఎత్తుకుని నిచ్చెన ఎక్కింది.

మూడేండ్ల తర్వాత ఆమె మిద్దె మీద కాలు పెట్టింది. మోకాలెత్తు గడ్డి మొలిచింది. పిట్టగోడ వారన ఎలుక బొక్క పెట్టింది. పడసాల మీద వేలు దూరేంత నెర్ర విచ్చుకుంది. ఆమె ఆ నెర్ర పక్కనే కూలబడింది. గోడ డొల్ల అన్నప్పుడు తనకు నవ్వే వచ్చింది. తలుపు పొట్టిదంటే, పొట్టిదే మరి. కానీ మిద్దె కారుతుందన్న మాటకు మాత్రం కడుపు రగిలిపోయింది. ఎందుకు? మూడు వానాకాలాలు తాను ఒక చెవి పైకి పెట్టుకునే పడుకుంది. ఎక్కి చూడటానికి మాత్రం భయపడింది. ఇన్నాళ్లూ కారకపోయినా, ఈ ఏడు కారుతుందో లేదో ఇంటిదానికే తెలియదు! తెలియని చోటే తగిలింది దెబ్బ.

నాలుగు దినాలు పని చేసింది. గడ్డి వేళ్లతో సహా పెరికింది. ఎలుక బొక్కలో రాళ్లూ సున్నమూ కూరి దిమ్మిసతో కొట్టింది. నెర్రను తడిపి, పూడ్చి, ఎండబెట్టి, మళ్లీ పూడ్చింది. తర్వాత గంపగంపా చౌడు పరిచింది. "పొయ్యడం గాదే, పరచల్ల. పసిబిడ్డకు దుప్పటి కప్పినట్ల," అనేవాడు పుల్లన్న. ఇంకో ఇరవై ఏండ్లు తానే ఉండబోయే ఇంటికి చేసినట్లే చేసింది. మూడోనాడు మధ్యాహ్నం గంప దించి చెమట తుడుచుకుంటూ చూసుకుంటే, పొద్దున్నుంచి ఓవర్సీరు ఒక్కసారి కూడా గుర్తు రాలేదు.

తొలకరికి చౌడు బిగిసింది. ఆషాఢం గడిచింది. శ్రావణం రాగానే నరసింగరావు మళ్లీ వచ్చాడు. మజ్జిగ తాగి, మూతి తుడుచుకుని, "పదమూడమ్మా. మిద్దె కారుతుంది కదా," అన్నాడు.

ఓబుళమ్మ ఈసారి మామగారి పేరు ఎత్తలేదు. "సారూ, వెలుతురుకని మిద్దెకు పెట్టిన గవాక్షి కాడ తూర్పుగాలి కొడితే నాలుగు తుంపర్లు పడతాయి. అది నేనే చెప్తాండా, రాసుకోండి. ఇంక యాడా కారదు. పెద్దవాన పడినప్పుడు మీరే వచ్చి చూడండి. గవాక్షి కాడ గాకుండా లోపల ఒక్క చుక్క పడినా మీరు చెప్పిన పదమూడుకే ఇచ్చేస్తా. పడకుంటే నేను చెప్పిన పద్దెనిమిది."

నరసింగరావు పెన్సిలు ఆగింది. అమ్మే మనిషి తన నోటితో తన ఇంటి లోపం చెప్పడం ఆయన ఎన్నడూ వినలేదు. అయినా మట్టి మిద్దె, పైగా తాను ఓవర్సీరు. నవ్వుకుంటూ రాసుకుని పోయాడు. గోడ అవతల లక్షుమ్మ బుగ్గలు నొక్కుకుంది. "నీ నోరు పడ! మన్నును నమ్మి ఎవరన్నా పందెం కాస్తారా?"

మూడో శ్రావణ శనివారం మధ్యాహ్నం దిగింది వాన. ఓబుళమ్మ అప్పుడే వెంకటేశ్వరస్వామికి దీపం పెట్టి లేచింది. వీధి ఏరైంది. ఆ వానలోనే గొడుగు పట్టుకుని, చంకలో టార్చిలైటుతో నరసింగరావు వచ్చాడు. ఎన్నడూ రాని ఆయన భార్య కనకవల్లి కూడా కొంగు నెత్తిన కప్పుకుని వెనకాలే వచ్చింది. ఆయన గొడుగు మూలనున్న కొయ్యకు తగిలించి, లైటు వేసి ఒక్కొక్క దూలమూ, ఒక్కొక్క దంతే వెతకడం మొదలుపెట్టాడు. ఓబుళమ్మ చేట ముందు పెట్టుకుని బొరుగులు చెరుగుతోంది. చేతులు ఆడుతున్నాయే గానీ ప్రాణమంతా పైనే ఉంది. నెర్ర పూడ్చిన చోటు సరిగ్గా తన నెత్తి మీదే.

పడసాల అయింది. వంటిల్లు అయింది. వాన ఇంకా ముదిరింది.

టప్.

ముగ్గురి తలలూ ఒక్కసారి లేచాయి. ఓబుళమ్మ చేతిలో చేట ఆగిపోయింది. మళ్లీ టప్. మూలనుంచి. నరసింగరావు ముఖం వెలిగిపోయింది. "చెప్పానా!" అంటూ రెండంగల్లో మూలకు పోయి లైటు వేశాడు. పైన దంతె ఎండుకట్టెలా పొడిగా ఉంది. కొయ్యకు వేలాడే ఆయన గొడుగు కొస నుంచి నీళ్లు కారి అక్కడ బోర్లించిన ఇత్తడి బిందె మీద పడుతున్నాయి.

నరసింగరావు లైటు ఆర్పాడు. ఇంతలో తూర్పుగాలి విసిరింది. గవాక్షి కింద సన్నగా నాలుగు తుంపర్లు రాలాయి. "అది నేను చెప్పిందే, సారూ," అని ఓబుళమ్మ మళ్లీ చేట అందుకుంది. నరసింగరావు పుస్తకం తీసి చూశాడు. నిజమే, తన చేతిరాతే.

కనకవల్లి అంతసేపూ పైకి చూడనే లేదు. నేల వైపు చూస్తోంది. "ఏమండీ, ఈ ఇంట్లో ఒక్క గిన్నె కూడా పెట్టి లేదండీ," అంది నెమ్మదిగా. "మనం అద్దెకున్న స్లాబింట్లో ఇప్పుడు ఏడు గిన్నెలున్నాయి. వచ్చేముందు ఎనిమిదోది పరుపు మీద పెట్టొచ్చాను."

"అది వేరే సంగతి," అని నరసింగరావు గొంతు సవరించుకున్నాడు. "సరే, పదిహేడు అనుకుందాం. వంటిల్లు ఉన్న మూల చూస్తే..."

ఓబుళమ్మ చేట ఆపలేదు. చెరుగుతున్న బొరుగుల చప్పుడు, పైన వాన చప్పుడు, అంతే. ఆ నిశ్శబ్దంలో ఆయన రాసుకోవడానికి ఏమీ దొరకలేదు. కనకవల్లి స్తంభానికి ఆనుకుని చతికిలబడింది. "నేను కదలను. పద్దెనిమిదికి మాట ఇచ్చి తాంబూలం తీసుకోండి. లేదంటే పోయి ఆ ఎనిమిది గిన్నెలూ మీరే ఎత్తిపోసుకోండి."

ఆ సాయంత్రమే తాంబూలం మారింది. తెల్లవారి టీ కొట్లో నరసింగరావు గొంతు నలుగురికీ వినబడింది: "మట్టి మిద్దె అంటే అట్లా ఉండాలి. మీ స్లాబులు ఎందుకయ్యా, దండగ!"

శ్రావణం పోకముందే రిజిస్ట్రేషన్ అయింది. ఇల్లు అప్పగించేనాడు ఓబుళమ్మ కనకవల్లిని మిద్దె మీదికి తీసుకుపోయి, మిగిలిన చౌడు కుప్ప చూపించి, ఎట్లా పరచాలో చేత్తో పరిచి నేర్పింది. చవితికి రెండు దినాల ముందు ఆరుగురు ఆడవాళ్లూ టెంకాయ కొట్టి బట్టీ వెలిగించారు. దస్తగిరి సాబు కడప బస్సెక్కే ముందు తొలి వాయి బొరుగులు గుప్పెడు నోట్లో పోసుకుని, "ఓబుళక్కా, నీ బట్టీ బొరుగులు బాగుండాయి," అన్నాడు. 'నీ బట్టీ' అన్న మాటకు ఆమె ముఖం తిప్పుకుని కండ్లు ఒత్తుకుంది.

రెండో వాయి మఠానికి వచ్చింది. ఆదినారాయణ ఆనాడు కూడా అక్కడే ఉన్నాడు. హెడ్మాస్టరుకు రాసిన మూడో జవాబు చేతిలో పట్టుకుని ఉన్నాడు.

"సామీ, ఆ మనిషికి నేను జవాబు చెప్పనే లేదు," అంది ఓబుళమ్మ.

"మరి ఎవరు చెప్పినారు?"

"మిద్దె చెప్పింది సామీ."

"ఏమని?"

ఓబుళమ్మ బొరుగుల చేట దించింది. "ఏమీ చెప్పలేదు. కారలేదు, అంతే."

స్వామి తాడు పక్కన పెట్టి దోసెడు బొరుగులు తీసుకున్నాడు. సగం ఆదినారాయణ చేతిలో పోసి, "పంతులూ, నీ మిద్దెకు చౌడేసినావా?" అని అడిగాడు.

మాది స్లాబిల్లు సామీ, అనబోయి ఆదినారాయణ ఆగిపోయాడు. చేతిలోని కాగితం వైపు చూసుకున్నాడు.

"వానలు ఇంకా అయిపోలేదు నాయనా," అన్నాడు స్వామి. "నిచ్చెన తెచ్చుకో."