ఫోటోలో ఉన్నది ఉన్నట్టే

సాలూరులో గంటావారి అన్నదమ్ములకు తెలివి ఎక్కువ. ఈ మాట ఎవరన్నారంటే, వాళ్ళే అన్నారు. రోజూ అనేవారు. గుమ్మం దగ్గరి కాలింగ్ బెల్లు వానకు తడిసి పాడవుతోందని అన్న పైడయ్య దాన్ని ఊడబీకి పడకగదిలో బిగించాడు. తమ్ముడు గౌరునాయుడు గుమ్మానికి పలక వేలాడదీశాడు: "బెల్లు లోపల ఉంది. లోపలికొచ్చి కొట్టి, మళ్ళీ బయటికెళ్ళి నిలబడండి." అలాంటి బుర్రలు జిల్లాలో మరో రెండు లేవు. ఉంటే జిల్లా ఈపాటికి ఖాళీ అయ్యేది.

ఆ ఇంట్లో నిజంగా బుర్ర ఉన్నది పైడయ్య పెళ్ళాం రత్నాలుకి. ఆ సంగతి ఎవరూ అనలేదు. అన్నం వండిపెట్టే మనిషికి బుర్ర ఉందని ఎవరంటారు?

రోడ్డు వెడల్పు చేస్తూ వాళ్ళ పాత సామాన్ల కొట్టు కూలగొట్టారు. సామానంతా ఇంట్లోకి వచ్చింది, మనుషులు వరండాలోకి వెళ్ళారు. అప్పుడు రత్నాలే ఫోన్లో వేలం వేసే అంగడి ఒకటి ఉందని కనిపెట్టింది. వస్తువు ఫోటో తీసి, దాని మంచీ చెడూ రాసి పెడితే జనం పోటీపడి పాడతారు. ఎక్కువకి పాడినవాళ్ళకి సరుకు పంపాలి. నిబంధనలు కూడా తనే చదివి వినిపించింది.

"వినండి. మనం చూపించినదానికీ వాళ్ళకి చేరినదానికీ తేడా ఉండకూడదు. ఉందని కొన్నవాళ్ళు ఫిర్యాదు చేస్తే మనమే సరిచెయ్యాలి. మూడు ఫిర్యాదులయితే ఈ కొట్టు కూడా మూసేస్తారు. మూసేస్తే ఇక కుండ బోర్లించి దాని మీద కూర్చోవడమే."

"తేడా ఉండకూడదు, అంతే కదా," అన్నాడు పైడయ్య. "ఇంతోటిదానికి చదవడం ఒకటి."

ముందు ఇనప బీరువా పెట్టారు. చెడు కూడా ఒకటి రాయాలి కదా అని "ఎడమ తలుపు మీద గీత ఉంది," అని రాశాడు గౌరునాయుడు. విజయనగరంలో రిటైరయిన మాస్టారొకరు పాడుకున్నారు. బీరువా చేరాక ముచ్చటపడి కబురు పెట్టారు: "గీత ఉందన్నారు గానీ ఎంత వెతికినా కనబడలేదు. చాలా సంతోషం."

అన్నదమ్ముల మొహాలు మాడిపోయాయి.

"తేడా వచ్చేసిందిరా," అన్నాడు పైడయ్య.

"సంతోషమన్నాడు కదన్నయ్యా."

"వెటకారంరా. చదువుకున్నోళ్ళు అలగే ఏడుస్తారు. లేని గీత ఉందని చెప్పి అమ్మేశాం. మనం ఏటి, మోసగాళ్ళమా?"

ఇంకేముంది. మేకు పట్టుకుని బస్సెక్కారు. ఇంటికొచ్చారు కదా అని మాస్టారు మంచినీళ్ళు తేవడానికి లోపలికెళ్ళారు. తిరిగొచ్చేసరికి బీరువా ఎడమ తలుపు మీద పైనుంచి కిందికి నిలువునా గీత. పైడయ్య మేకు తుడిచి జేబులో పెట్టుకుని, "ఆలస్యమైంది, ఏమనుకోకండి. కూలి అక్కర్లేదు," అన్నాడు. మాస్టారు ఏమనుకున్నారో సాయంత్రానికి ఫోన్లో వచ్చింది. అదీ మొదటి ఫిర్యాదు.

"బాగున్నదాన్ని ఎందుకు గీకావయ్యా?" అంది రత్నాలు.

"నిజాయితీ."

"ఆ నిజాయితీ ఏదో నీ నెత్తి మీద గీసుకోవలసింది."

తర్వాత నిలువుటద్దం. గౌరునాయుడు దాన్ని వరండా గోడకి ఆనించి ఫోటో తీశాడు. ఎదురుగా కట్టేసి ఉన్న గేదె అద్దంలో నిండుగా పడింది. పార్వతీపురంలో బ్యూటీపార్లరు నడిపే ఝాన్సీ ఆ అద్దం పాడుకుంది. దారిలో దుమ్ము కొట్టి అద్దం మసకబారింది. "ఇది ఫోటోలో ఉన్నట్టు లేదు, వచ్చి చూడండి," అని రాసింది ఆమె.

"తుడిస్తే పోయేదానికి ఇంత గొడవెందుకు," అంది రత్నాలు. "మర్యాదగా వెళ్ళండి, మెత్తగా మాట్లాడండి, మంచి గుడ్డ ఒకటి పట్టుకెళ్ళండి."

అన్నదమ్ములు ఫోటో ముందు పెట్టుకుని ఆలోచించారు. ఫోటోలో అద్దంలో గేదె ఉంది. ఆవిడ అద్దంలో గేదె ఉండే అవకాశమే లేదు. మరి ఉన్నట్టు లేదని అనదా? అంతే, గేదెను వ్యానెక్కించారు. రత్నాలు ఇచ్చిన గుడ్డ దానికి ఎండ తగలకుండా వీపు మీద కప్పారు.

పార్లర్లో ఒక పెళ్ళికూతురు మొహానికి మట్టి పూసుకుని, కళ్ళ మీద కీరదోస ముక్కలు పెట్టుకుని, కుర్చీలో వెనక్కి వాలి ఉంది. గేదె లోపలికి రావడంతోనే ఒక కంటి మీది ముక్క తినేసింది. పెళ్ళికూతురు ఆ కన్ను తెరిచింది. గేదె రెండో ముక్క కూడా తినేసింది. ఆ తర్వాత పెళ్ళికూతురు ఎటు పరిగెత్తిందో వెతకడానికి ఆమె మేనమామలు రావలసి వచ్చింది.

పైడయ్య మాత్రం మర్యాద మరవలేదు. "అద్దంలోకి చూడండమ్మా," అన్నాడు మెత్తగా. "ఇప్పుడు ఫోటోలో ఉన్నట్టుందా లేదా? ఇక్కడే కట్టేసి వెళ్తాం. పాలు మాత్రం మాకు పంపించండి."

గేదెతో సహా గెంటేశారు. రెండో ఫిర్యాదు.

రత్నాలు తల పట్టుకుంది. "ఇంకొక్కటి పడితే మూతే. ఇకమీదట ఫోటోలో పశువన్నది కనబడ్డానికి వీల్లేదు. తెలిసిందా?"

బాగా తెలిసింది. కుట్టుమిషను ఫోటో తీసే రోజున గౌరునాయుడు గేదెను వీధి చివర కట్టేశాడు. కోళ్ళను తోలాడు. గోడ మీది బల్లిని కూడా చీపురుతో తరిమాడు. రత్నాల్ని పిలిచి, "నువ్వు పశువువి కావు కదా వదినా, కూర్చుని తొక్కు, మిషను నడుస్తున్నట్టు కనబడాలి," అన్నాడు. ఆమె పశువు కాదని ఆ ఇంట్లో గుర్తించడం అదే మొదలు.

బొబ్బిలిలో కొత్తగా రవికెల కొట్టు పెట్టుకున్న కళావతికి మిషను వెళ్ళింది. వెంటనే కబురొచ్చింది: "ఫోటోలో చక్కగా కుట్టు పడుతోంది. నా దగ్గర దారం తెగిపోతోంది. సరిచేస్తారా, ఫిర్యాదు చెయ్యమంటారా?"

ఫిర్యాదు అన్న మాట వినేసరికి అన్నదమ్ములు ఫోన్ అందుకున్నారు. ఫోటో ముందు పెట్టుకున్నారు. మిషను ఉంది, పంపారు. బల్ల ఉంది, పంపారు. ఇంకేం తక్కువైంది? ఇద్దరూ ఒకేసారి తలెత్తి వంటింటి వైపు చూశారు.

"ఏటి, నన్ను పంపుతారా?" అంది రత్నాలు గరిట పట్టుకుని. "నేను సామానునా?"

"సామానువి కావు వదినా," అన్నాడు గౌరునాయుడు. "సామాన్లో ఉన్నావు, అంతే."

రత్నాలు మొగుడి వైపు చూసింది. మొగుడు ఫోటో వైపు చూస్తున్నాడు. ఆమె గరిట కింద పెట్టింది. రెండు చీరలు సంచిలో సర్దుకుని బొబ్బిలి బస్సెక్కింది.

వెళ్ళి చూస్తే సూది తిరగేసి బిగించి ఉంది. సరిగ్గా పెట్టి తొక్కింది, కుట్టు ముత్యాల్లా పడింది. కళావతి కాఫీ ఇచ్చింది. రత్నాలు తాగింది. పెళ్ళిళ్ళ రోజులు, రవికెలు కుప్పపడి ఉన్నాయి, జీతమిస్తాను ఉండిపొమ్మంది. రత్నాలు ఉండిపోయింది. వేలం అంగడిలో కళావతి అయిదు చుక్కలూ వేసి రాసింది: "ఫోటోలో ఉన్నట్టే ఉంది. అంతకంటే బాగుంది."

అన్నదమ్ములు ఆ చుక్కలు వీధంతా తిరిగి చూపించారు. ఇంటికొచ్చాక ఆకలేసింది. పొయ్యి చూశారు. పొయ్యి కూడా వాళ్ళని చూసింది.

పైడయ్య ఫోన్ చేశాడు. "ఏమే, సరిచేశావు కదా, వచ్చెయ్యి."

"ఎలాగయ్యా వచ్చేది? కొన్నావిడ ఫిర్యాదు చేస్తేనే సరుకు వాపసు. చేస్తే మూడోది. కొట్టు కావాలో నేను కావాలో మీరే ఆలోచించుకోండి. మీకు తెలివి ఎక్కువ కదా."

ఆలోచించారు. మాడిన అన్నం తింటూ ఆలోచించారు, మాడని బియ్యం తింటూ ఆలోచించారు. ఫోటోను అటూ ఇటూ తిప్పి చూస్తున్న గౌరునాయుడు ఉన్నట్టుండి గతుక్కుమన్నాడు.

"అన్నయ్యా, వదిన వెనక గోడ మీద ఈ నల్లగా ఉన్నదేటి?"

"నా నీడరా. నీ పక్కనే నిలబడ్డాను కదా."

"నీడుందంటే మనిషి ఉన్నట్టే. అంటే నువ్వూ సామాన్లో ఉన్నావు. నిన్ను పంపలేదు. ఆవిడ చూసుకునే లోపల చేరకపోతే మూడో ఫిర్యాదు ఖాయం."

పైడయ్య లేచాడు. చొక్కా వేసుకుని బస్సుకి బయల్దేరబోయాడు.

"బస్సులో కాదు," అన్నాడు తమ్ముడు. "వదిన బస్సులో వెళ్ళబట్టే బిల్లూ లేదు, రసీదూ లేదు, తిరిగి రావడమూ లేదు. నువ్వు పార్సిల్లో వెళ్ళాలి."

ఇంకేముంది. చెక్కపెట్టెకి గాలి కోసం చిల్లులు పెట్టారు. గడ్డి పరిచారు. పైడయ్య ముడుచుకుని కూర్చున్నాడు. పెట్టె మీద "పగిలే వస్తువు" అని రాసి, పంపినవారు గంటా పైడయ్య, సాలూరు అని పెట్టి, గౌరునాయుడు పార్సిలాఫీసులో అప్పగించి వచ్చాడు.

బొబ్బిలిలో పెట్టె దిగింది. లోపల ఎవరో తుమ్మారు. కళావతి భయపడింది. రత్నాలు వచ్చి ఒక చిల్లులోంచి చూసింది. చిల్లులోంచి ఒక కన్ను ఆమెను చూసింది.

"ఏమిటది రత్నాలూ?"

"మనం అడగనిదండి," అంది రత్నాలు. "వాపసు పంపెయ్యండి." మళ్ళీ వెళ్ళి మిషను తొక్కుకుంది.

పెట్టె సాలూరు తిరిగొచ్చింది. కబురందుకుని గౌరునాయుడు పార్సిలాఫీసుకి వెళ్ళాడు.

"పంపినాయన సంతకం కావాలి," అన్నాడు గుమస్తా. "గంటా పైడయ్య ఎవరు?"

"మా అన్నయ్యండి. ఊళ్ళో లేడు, బొబ్బిలి వెళ్ళాడు."

"తమ్ముడివే కదా, నువ్వు పెట్టి పట్టుకుపో."

"ఒకరి సరుకు మీద ఇంకొకరు సంతకం పెట్టడమేటండి? రేపు ఇదో ఫిర్యాదవుతుంది. అన్నయ్యని రానీండి."

పెట్టెలోంచి పైడయ్య గొంతు గర్వంగా వినిపించింది. "శభాష్‌రా తమ్ముడూ. నేనొచ్చేదాకా ఎవర్నీ ముట్టుకోనివ్వకు."

"అలగేనన్నయ్యా," అని గౌరునాయుడు ఇంటికెళ్ళి, అన్నయ్య ఎప్పుడొస్తాడో అని వరండాలో కూర్చున్నాడు.