మోగుతూ వెళ్ళిన బండి

ఉదయం పదకొండుంపావుకి, చీరాల గుడ్డల బజారులోని తన మ్యాచింగ్ సెంటర్లో, గోవర్ధనం ఒక జాకెట్టు ముక్కను పర్రున చించి మడత పెడుతున్నాడు. తనది కాని గొడవకు తల తిప్పే అలవాటు మాత్రం ఆయనకు పుట్టుకతోనే లేదు.

పక్క కొట్టు రేకు గాలికి లేచిపోతున్నా 'మన రేకు గట్టిదేగా' అనుకునేవాడు. ఎదురింటివాళ్ళ కుళాయి పొంగి వీధిలో పారుతున్నా 'ఎవరి నీళ్ళు వాళ్ళవి' అనేవాడు. అలాగని చెడ్డవాడు కాదు. కొలతలో మోసం చేసేవాడు కాదు, ఎవరి మీదా చాడీలు చెప్పేవాడు కాదు. ఇతరుల సంగతి పట్టించుకోకపోవడమే పెద్దమనిషి తరహా అని గట్టిగా నమ్మేవాడు.

అంతకు నెల ముందు ఆ బజారులో వరసగా రెండు మోటారుసైకిళ్ళు పోయాయి. కొట్లవాళ్ళంతా కూడబలుక్కుని మోత తాళాలు తెప్పించుకున్నారు. అరచేతిలో ఇమిడే తాళం అది. ముందు చక్రానికి ఉండే బ్రేకు పళ్ళెం కన్నంలో దాని మేకును దూర్చి నొక్కితే చక్రం తిరగదు. ఆ తరవాత ఎవరైనా బండిని కదిపారా, చెవులు చిల్లులు పడేలా కుయ్యిమంటుంది. కాసేపు అరిచి ఆగుతుంది. మళ్ళీ కదిపితే మళ్ళీ మొదలు.

మొదట్లో ఏ తాళం మోగినా బజారంతా వీధిలోకి ఉరికేది. ఒకసారి సీటు మీద కాకి వాలింది. ఇంకోసారి మేక వచ్చి ఒళ్ళు రుద్దుకుంది. మరోసారి పైనుంచి చీరల మూట జారి పడింది. అలా ఉరికి ఉరికి జనం విసిగిపోయారు. అన్నీ ఒకే రకం తాళాలు కావడంతో అన్నిటిదీ ఒకే గొంతు. మోత వినగానే ప్రతివాడూ గుమ్మంలోంచి తల బయటపెట్టి తన బండి ఉందో లేదో చూసుకునేవాడు. ఉంటే తల లోపలికి లాక్కునేవాడు. బజారు మొత్తం తాబేళ్ళ బజారైపోయింది. ఈ విద్యలో అందరికంటే ముందు ఆరితేరినవాడు గోవర్ధనమే.

ఆ ఉదయం కొట్లో ఒకావిడ ఉంది. వనజాక్షి అని, బడిలో పంతులమ్మ. ఉల్లిపొర రంగు చీర తెచ్చి దానికి సరిపడే ముక్క చూపించమంది. సరిగ్గా అప్పుడే బయట తాళం కుయ్యిమంది. గోవర్ధనం బల్ల మీద నుంచి మెడ సాచి చూశాడు. వేపచెట్టు నీడలో తన బండి చక్కగా నిలబడి ఉంది. మెడ వెనక్కి లాక్కున్నాడు.

ఎవరి బండో చూడకూడదా అని ఆవిడ అడిగింది.

"ఎవరిదో వాళ్ళే చూసుకుంటారమ్మా. మీరు ఈ అంచు రంగు చూడండి" అన్నాడు.

మోత ఆగలేదు. ఆగినట్టే ఆగి మళ్ళీ అందుకుంటోంది. కొట్టు ముందే ఒక ట్రాలీ ఆటో నిలబడి ఉంది. దాని వెనక ఎర్ర టార్పాలిన్ కప్పు. ఇద్దరు మనుషులు ఒక నల్ల మోటారుసైకిల్‌ని అందులోకి ఎత్తలేక నానా అవస్థా పడుతున్నారు. తాళం వేసిన చక్రం దొర్లదు గనక బండిని ఎత్తుకోవాల్సిందే. కదిపినప్పుడల్లా అది గొంతు చించుకుంటోంది. లోపల గోవర్ధనం చెప్పే రంగులు పంతులమ్మకు వినపడటం లేదు. ఆవిడ చెవులు మూసుకుంది. తరవాత చీరను సంచిలో పెట్టుకోవడం మొదలుపెట్టింది.

బేరం పోతోందంటే గోవర్ధనం ఊరుకోడు. విసవిసా బయటికి వెళ్ళి, ఇదేం గోల అని వాళ్ళను కసిరాడు. గళ్ళ చొక్కావాడు నవ్వుతూ నమస్కారం పెట్టాడు. తాళంచెవి ఎక్కడో పడిపోయిందట, మెకానిక్ దగ్గరికి తీసుకెళ్తున్నారట.

"ఒక చెయ్యి వేద్దురూ, బాబాయ్ గారూ. మీకూ గోల వదులుతుంది" అన్నాడు.

వదిలితే చాలనుకున్నాడు గోవర్ధనం. పంచె ఎగ్గట్టాడు. సీటు కింద భుజం పెట్టి, 'ఊఁ' అని ఒక్క ఊపు ఊపాడు. చేతికి సీటు మీది గుడ్డ గరగరా తగిలింది. బండి ఎక్కింది. ట్రాలీ మోగుతూనే మలుపు తిరిగింది. గోవర్ధనం చేతులు దులుపుకుని లోపలికి వచ్చి, ప్రశాంతంగా ముక్క కోసి ఇచ్చాడు.

ఆ ముక్కను పంతులమ్మ ఇంకా సంచిలో పెట్టుకోకముందే మస్తాన్‌వలీ గుమ్మంలోకి వచ్చాడు. పక్క కొట్టు దర్జీ అతను. వయసులో చిన్నవాడు, పనిలో నెమ్మదస్తుడు. హుక్కులు కొనడానికి బజారు చివరికి వెళ్ళి వచ్చాడు. చేతిలో హుక్కుల అట్ట ఉంది, మొహంలో నెత్తురు లేదు.

"బాబాయ్, నా బండి ఇక్కడే పెట్టి వెళ్ళాను. చూశారా?"

గోవర్ధనం అరచేయి మళ్ళీ గరగరలాడింది. ఆ సీటు తొడుగు మస్తాన్ మిగిలిపోయిన జరీ ముక్కలు అతికి కుట్టుకున్నది. అందులో సగం ముక్కలు ఈ కొట్లోవే. పదహారు రకాల ఆకుపచ్చల్లో ఏది ఏదో దీపం లేకుండా చెప్పగల కన్ను, పొద్దున లేస్తే కనపడే ఆ జరీ సీటును ఆనవాలు పట్టలేదు. పట్టలేకపోవడం కాదు, చూడనే లేదు.

"ట్రాలీ ఆటోలో వెళ్ళింది. ఎర్ర టార్పాలిన్" అన్నాడు గోవర్ధనం.

"చూశారా? చూసి ఆపలేదా?"

"ఆపలేదు మస్తానూ. ఎక్కించాను."

బండి పోయినా ఏదో ఒకటి చేసుకుంటానన్నాడు మస్తాన్. బండికి తగిలించిన సంచిలో పెళ్ళికూతురి జాకెట్టు ఉందని చెప్పి గుమ్మం మీద కూలబడ్డాడు.

ఆ జాకెట్టు సంగతి గోవర్ధనానికి తెలుసు. వేటపాలెంలో ఒక నేతగాడు తన కూతురి పెళ్ళికని సొంత మగ్గం మీద చీర నేశాడు. ఆ చీర కొసనే కత్తిరించి జాకెట్టు కుట్టమని మస్తాన్‌కి ఇచ్చాడు. ఆ సాయంత్రమే పెళ్ళి. మస్తాన్ చేతికి వచ్చిన మొదటి పెళ్ళి పని అది. అది పోతే వేటపాలెంలో మరెవరూ అతనికి గుడ్డ ఇవ్వరు. గోవర్ధనం కళ్ళు తన కొట్లోని అరల మీద తిరిగాయి. నేల నుంచి కప్పు దాకా అన్ని రంగులూ ఉన్నాయి. ఆ చీరకు సరిపోయేది మాత్రం ఒక్క ముక్క కూడా లేదు, ఈ లోకంలో ఏ మ్యాచింగ్ సెంటర్లోనూ ఉండదు.

"లేవరా" అన్నాడు.

స్టేషన్‌కి తను ఫోన్ చేస్తానంది పంతులమ్మ. గోవర్ధనం బయటికి పరుగెత్తి బండి ఎక్కి, కిక్కు కొట్టి, ఒక్కసారిగా గేరు వేశాడు. తాళం తీయలేదు. బండి అడుగు కూడా వెయ్యకుండా పక్కకు ఒరిగి ఆయన మీదే పడింది. పడుతూనే గుండెలు అదిరేలా అరిచింది. గోవర్ధనం దాని కింద నుంచే చూశాడు. బజారులోని గుమ్మాలన్నిటి నుంచీ తలలు బయటికి వచ్చాయి. ఎవరి బండి వాళ్ళు చూసుకున్నారు. తలలన్నీ లోపలికి వెళ్ళిపోయాయి.

మస్తానే బండిని లేపి, తాళం తీశాడు. ఇద్దరూ కదిలారు.

దారి వెతుక్కోవాల్సిన పని పడలేదు. గడియార స్తంభం దగ్గర అరటిపళ్ళు అమ్మేవాణ్ణి, మోగుతూ ఒక ఆటో వెళ్ళిందా అని అడిగారు. వెళ్ళిందట, తన బండి చూసుకున్నాడట, ఉందట. మంగలి షాపులో ఒకడు సబ్బు నురగ మొహంతోనే బయటికి వచ్చి రైలు గేటు వైపు చెయ్యి చూపించాడు. అతనూ తన బండి చూసుకున్నాడట. ఇడ్లీ బండి ఆమె, సైకిలు షాపు ముసలాయన, బస్సు కోసం నిలబడ్డ ఆడపిల్లలు, అందరూ దారి చెప్పారు. ఊరంతా విన్నది, ఊరంతా చూసింది, ఊరంతా ఊరుకుంది. ఒక్కొక్కరి నోటి నుంచీ తన మాటే వినపడుతుంటే గోవర్ధనం చెవులు కాలిపోయాయి.

రైలు గేటు పడి ఉంది.

వాళ్ళ ముందు సరుగుడు కర్రల ట్రాక్టరు అడ్డంగా నిలిచింది. దాని ముందు లారీలు, ఆటోలు, సైకిళ్ళు, మనుషులు కిక్కిరిసి ఉన్నారు. అందరికంటే ముందు, గేటు కర్రను ఆనుకుని, ఎర్ర టార్పాలిన్. పక్క లారీ ఇంజను అదురుకు ఆ తాళం ఆగి ఆగి మోగుతూనే ఉంది. గళ్ళ చొక్కావాడు ట్రాలీ అంచు మీద కూర్చుని తాపీగా వేరుశనక్కాయలు ఒలుచుకుంటున్నాడు. దొంగలా లేడు. తొందరే లేనివాడిలా ఉన్నాడు.

దూరాన రైలు కూత వినపడింది. రైలు దాటితే గేటు లేస్తుంది. గేటు లేస్తే అవతల పెద్ద రోడ్డు. ఇక ఆ బండిని పట్టుకునేవాడు ఉండడు.

మస్తాన్ బండి దిగి మనుషుల మధ్య దూరబోయాడు. ట్రాక్టరు కర్రలు అడ్డం పడ్డాయి. గోవర్ధనం కేకలు పెట్టాడు. మోతలో ఆ కేకలు కలిసిపోయాయి. తాళం మళ్ళీ అరిచింది. గుంపులో తలలు టకటకా తిరిగాయి. ఎవరి బండి వైపు వాళ్ళు.

గోవర్ధనం తన ముందున్న మనిషి భుజం మీద చెయ్యి వేశాడు.

"ఆ మోగే బండి ఎవరిదో ముందువాళ్ళను అడగమనండి."

"మీదా?"

"నాది కాదు."

"మీది కానప్పుడు మీకెందుకండీ?"

"నాది కాదు కనకే అడుగుతున్నాను. నాదైతే ఇందాకే అడిగి ఉండేవాణ్ణి."

ఆ మనిషి ఆయన మొహంలోకి చూశాడు. ఏం కనిపించిందో ఏమో, ముందుకు తిరిగి ట్రాక్టరు డ్రైవరుతో అన్నాడు, "ఆ బండి ఎవరిదో కనుక్కో." డ్రైవరు పైనుంచి లారీ క్లీనరుకు చెప్పాడు. క్లీనరు ఆటోవాడికి చెప్పాడు. ఆటోలోని ఆడవాళ్ళు పక్క సైకిలువాడికి చెప్పారు. రైలు కూత దగ్గరైంది. ప్రశ్న మాత్రం దానికంటే జోరుగా పరుగెత్తింది. ఒక గొంతు పది గొంతులైంది, పది యాభై అయ్యాయి. "ఎవరిదా బండి? ఎవరిదా బండి?" అంటూ గేటు దాకా అల పాకినట్టు పాకింది.

గేటు దగ్గర చేపల గంపతో నిలబడ్డ ఆవిడ గంప దించి ట్రాలీలోకి తొంగి చూసింది.

"ఎవరిదయ్యా ఇది? పసిబిడ్డలా గుక్కపట్టి ఏడుస్తోంది. తల్లి ఎక్కడ?"

"మా బావది" అన్నాడు గళ్ళ చొక్కావాడు.

"మా ఓనరుది" అన్నాడు అదే క్షణాన ముందు సీట్లోవాడు.

ఆ ఆడమనిషి ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. తాళంచెవి ఏదని అడిగింది. అప్పుడు తలలు మళ్ళీ తిరిగాయి. ఈసారి ఎవరూ తమ బండి వైపు చూడలేదు. లారీ డ్రైవరు తలుపు తీసి దిగాడు. సైకిలువాడు స్టాండు వేశాడు. గళ్ళ చొక్కావాడి చేతిలోంచి వేరుశనక్కాయలు జారిపోయాయి. ఇద్దరూ ఒక్క గంతులో గేటు కర్ర కింద నుంచి దూరి పట్టాలు దాటారు. వెంటపడిన జనం కర్ర దగ్గరే ఆగిపోయారు. రైలు ధడధడమంటూ అడ్డం వచ్చింది. ఆఖరి పెట్టె దాటేసరికి అవతల దుమ్ము తప్ప మనిషి లేడు.

ట్రాలీ మాత్రం అక్కడే ఉంది. అందులో జరీ సీటు బండి ఇంకా అరుస్తోంది. మస్తాన్ పైకెక్కి తాళంచెవి తిప్పాడు. మోత ఆగింది. సంచి విప్పి చూశాడు. మడత కూడా నలగకుండా జాకెట్టు ఉంది. దాన్ని గుండెలకు ఆనించుకుని, కింద నిలబడ్డ గోవర్ధనంతో, "ఎక్కించినవాళ్ళే దింపాలి బాబాయ్, ఒక చెయ్యి వెయ్యండి" అన్నాడు. గోవర్ధనం ఒక్కడే కాదు, పదిమంది చేతులు వేశారు. పెళ్ళికూతురు ముస్తాబుకు కూర్చోకముందే జాకెట్టు వేటపాలెం చేరింది.

కొన్నాళ్ళకు ఆ ఇద్దరూ బాపట్లలో దొరికారు. బజారులో ముందు పోయిన రెండు బండ్లూ, ఆ తరవాత వేరే వీధుల్లో మోత తాళాలతో సహా పోయిన మూడు బండ్లూ వాళ్ళ దగ్గరే బయటపడ్డాయి. అంత మోతను ఎలా ఆపగలిగారని పోలీసులు అడిగితే, ఎప్పుడూ ఆపలేదనీ, పట్టపగలు మోగించుకుంటూనే వెళ్ళామనీ చెప్పారు. బండి బరువుగా ఉన్నచోటల్లా ఎవరో ఒక పెద్దమనిషి చెయ్యి వేసి ఎక్కించాడట. రైలు గేటు దాకా ఒక్కరంటే ఒక్కరు, బండి ఎవరిదని తమను అడగలేదట.

తాళం అరవగలదే గాని ఆదుకోలేదు. పొరుగువాడి సొత్తు మీద చెయ్యి పడినప్పుడు 'ఇది ఎవరిది' అని అడిగే మనుషులు ఉంటేనే ఎవరి సొత్తుకైనా కాపలా ఉంటుంది.